కిటికీ మీది, తుడిచేదెవరు?

గాలి, వెలుతురు చూసి ఫ్లాట్ కొంటాం. ధర దగ్గర బేరమాడతాం. ఆ అద్దం బయటివైపును ఎవరు, ఎక్కడ నిలబడి శుభ్రం చేయాలన్నది మాత్రం గృహప్రవేశం అయ్యాకే గుర్తొస్తుంది

2022 ఫిబ్రవరిలో ఢిల్లీ పక్కనున్న గాజియాబాద్ నుంచి వచ్చిన ఒక చిన్న వీడియో దేశమంతా చుట్టేసింది. ఇందిరాపురంలోని ఒక అపార్ట్‌మెంట్. నాలుగో అంతస్తు. ఒక మహిళ కిటికీ బయటి అంచు మీద నిలబడి అద్దాలు తుడుస్తోంది. నడుముకు తాడు లేదు, కింద వల లేదు. చూసినవాళ్ల గుండెలు జారిపోయాయి. అదృష్టవశాత్తూ ఆమె పడలేదు. ఆ తర్వాత షరా మామూలే. కొందరు తిట్టారు, కొందరు శుభ్రత పిచ్చి అని నవ్వుకున్నారు. అసలు ప్రశ్న అడిగినవారు మాత్రం తక్కువ. లోపల నిలబడి తుడవడానికి వీలుంటే ఆమె బయటికి ఎందుకు వెళ్తుంది?

ఆ ప్రశ్న గాజియాబాద్‌కే పరిమితం కాదు. సంక్రాంతికి ముందు హైదరాబాద్‌లో, దసరాకు ముందు విజయవాడలో, దీపావళికి ముందు ఉత్తరాది నగరాల్లో ఏ అపార్ట్‌మెంట్ కిందనైనా పది నిమిషాలు నిలబడి తలెత్తి చూస్తే చాలు. ఏదో ఒక అంతస్తులో ఒక చెయ్యి, భుజం, ఒక్కోసారి సగం మనిషి కిటికీ బయట కనిపిస్తారు. ఆ మనిషి చాలాసార్లు ఇంటి యజమాని కాదు. నెల జీతానికి వచ్చే పనిమనిషి.

ఇంటికి కిటికీలు ఎంచుకునేటప్పుడు మనం చూసేవి నాలుగు: అందం, ధర, చప్పుడు, వాన. ఐదోది ఒకటుంది. ఆ అద్దానికి రెండు ముఖాలూ గది లోపల నిలబడిన మనిషి చేతికి అందుతాయా? మిగతా నాలుగింటికీ డబ్బుతో పరిష్కారం ఉంది. ఈ ఐదోదాన్ని మొదట్లో వదిలేస్తే, తర్వాత దాని ఖరీదు చెల్లించేది కిటికీని ఎంచుకున్నవారు కాదు, తుడిచేవారు.

ఊచల నుంచి అద్దాల దాకా

మన పాత ఇళ్లలో ఈ సమస్య లేదు. టేకు చట్రంలో నిలువు ఇనుప ఊచలు, వాటికి ఇవతలో అవతలో చెక్క రెక్కలు, పైన సజ్జ. ఇల్లు ఒకటో రెండో అంతస్తులు. బయటివైపు దుమ్ము పడితే వాకిట్లోకో అరుగు మీదికో వెళ్లి తడిగుడ్డతో తుడిస్తే సరి. పండగ ముందు ఒకసారి రంగు వేస్తే ఏడాది గడిచిపోయేది. చెక్క ఉబ్బి వానాకాలంలో రెక్క మూసుకోకపోతే వడ్రంగి వచ్చి చిత్రిక పట్టేవాడు. బాగుచేసే మనిషి వీధి చివరే ఉండేవాడు.

ఆ తర్వాత స్టీలు కిటికీలు, వాటి వెనకే అల్యూమినియం, మరికొన్నేళ్లకు యూపీవీసీ వచ్చాయి. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత అద్దం మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. 2000లో చెన్నై సమీపంలోని శ్రీపెరంబుదూరులో సెయింట్ గోబెయిన్ అద్దాల కర్మాగారం మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే, 1998లో, హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. ఆఫీసు అంటే అద్దాల భవనం అన్న ఊహ స్థిరపడింది. కొద్ది కాలానికే అదే ఊహ ఇంట్లోకీ దిగింది. నేల నుంచి పైకప్పు దాకా అద్దమున్న హాలు బిల్డర్ బ్రోషర్‌లో మొదటి పేజీకి ఎక్కింది.

అయితే ఒక తేడాను ఎవరూ గమనించలేదు. పెద్ద ఆఫీసు భవనానికి అద్దాలు తుడిచే ఊయల, తాళ్లు, శిక్షణ పొందిన మనుషులు, ఏడాది కాంట్రాక్టు ఉంటాయి. ఇంటికి ఉండేది ఒక బకెట్టు, పాత న్యూస్‌పేపర్, స్టూలు. ఆఫీసు నుంచి అద్దాన్ని తెచ్చుకున్నాం, దాన్ని తుడిచే ఏర్పాటును అక్కడే వదిలేశాం.

మూడు చోట్ల మూడు చట్టాలు

ఇదే సమస్యను ఇతర దేశాలు ఎలా చూశాయో గమనిస్తే మనమెక్కడున్నామో తెలుస్తుంది. సింగపూర్‌లో ఇళ్లల్లో పనిచేసే విదేశీ మహిళలు ఎత్తైన అంతస్తుల నుంచి పడి చనిపోవడం 2012లో పెద్ద వివాదమైంది. వారిలో ఇండొనేషియా నుంచి వచ్చినవారు ఎక్కువ. ఆ ఏడాది జూన్‌లో అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. కిటికీకి గ్రిల్ ఉండాలి, తుడిచేంతసేపూ ఆ గ్రిల్‌కు తాళం వేసి ఉండాలి, యజమానో మరో పెద్దమనిషో పక్కన నిలబడి చూసుకోవాలి. అప్పుడే బయటివైపు తుడవమని అడగాలి. నేల అంతస్తు కిటికీలకు, ఉమ్మడి వసారా వైపున్నవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

హాంకాంగ్ కూడా అదే బాటలో నడిచింది. 2017 జనవరి నుంచి ఇంటిపని కార్మికుల ఒప్పందపత్రంలోనే ఒక షరతు చేర్చింది. గ్రిల్‌కు తాళం ఉండాలి, చేతులు తప్ప శరీరంలో మరే భాగమూ కిటికీ అంచు దాటకూడదు. అంతకుముందే, 2012లో, పదేళ్లు దాటిన భవనాల కిటికీలకు ఐదేళ్లకోసారి తనిఖీ జరిపించాలన్న పథకాన్ని తెచ్చింది.

స్కాట్లాండ్ దారి వేరు. నేల నుంచి నాలుగు మీటర్లకు పైనున్న కిటికీ అద్దాలను భవనం లోపలి నుంచో, నిలబడటానికి భద్రమైన చోటు నుంచో శుభ్రం చేయగలిగేలా కట్టాలని అక్కడి నిర్మాణ నిబంధనలు చెబుతాయి. కిటికీలను క్షేమంగా శుభ్రం చేసుకునేలా ఎలా రూపొందించాలో చెప్పడానికి బ్రిటన్‌లో బీఎస్ 8213 పేరుతో ప్రత్యేక ప్రమాణమే ఉంది.

సింగపూర్, హాంకాంగ్ బాధ్యతను యజమాని మీద పెట్టాయి. స్కాట్లాండ్ ఇంకా వెనక్కి వెళ్లి, ప్లాన్ గీసే చేతి మీద పెట్టింది. మన దేశంలో ఇంటి కిటికీ తుడిచే మనిషి విషయంలో ఇంత స్పష్టమైన జాతీయ నిబంధన లేదు. ఇంటిపని కార్మికుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికను ఆమోదించినప్పుడు భారత్ అనుకూలంగా ఓటు వేసింది. దాన్ని ఇంతవరకూ ధ్రువీకరించలేదు. ఈ ఖాళీలో మిగిలింది ఒక్కటే. కొనేవారి విచక్షణ.

ఏ రెక్క ఎటు తెరుచుకుంటుంది?

ఆ విచక్షణ మొదలవ్వాల్సింది రంగు దగ్గర కాదు, రెక్క కదిలే తీరు దగ్గర. శుభ్రం చేయడానికి ఏది సులువు, ఏది కష్టం అన్నది అక్కడే తేలిపోతుంది.

నేడు అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేది పక్కకు జరిగే స్లైడింగ్ కిటికీ. చోటు తినదు, గాలికి కొట్టుకోదు, బిల్డర్‌కు చవక. తుడిచేటప్పుడే చిక్కు. రెండు రెక్కలూ ఒకే వైపుకు జరిపితే లోపలి ట్రాక్ మీది రెక్క బయటి ముఖం రెండో రెక్క చాటున పడుతుంది. బయటి ట్రాక్ మీది రెక్కను తుడవాలంటే తెరిచిన సందులోంచి చేయి బయటపెట్టి, మోచేయి మడిచి, పక్కకు చాపాలి. రెక్క వెడల్పు రెండడుగులు దాటిందంటే చేయి చాలదు, భుజం వెళ్తుంది. భుజం తర్వాత తల వెళ్తుంది.

మరి రెక్కను ఎత్తి బయటికి తీసి తుడుచుకోవచ్చు కదా అంటారు అమ్మేవాళ్లు. నిజమే, చాలా స్లైడింగ్ రెక్కలు ట్రాక్ నుంచి పైకెత్తితే వస్తాయి. కానీ బరువు లెక్క చూడండి. అద్దం చదరపు మీటరుకు, ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న రెక్కలో 5 మిల్లీమీటర్ల అద్దమే దాదాపు 14 కిలోలు. చప్పుడు రాకుండా రెండు పొరల అద్దం వేయిస్తే 28 కిలోలు. దీనికి చట్రం బరువు అదనం. గ్రిల్ లేని పదో అంతస్తు కిటికీ దగ్గర, స్టూలు మీద నిలబడి, తడిచేతులతో ఎత్తాల్సిన బరువు కాదది.

బయటికి తెరుచుకునే రెక్కల కిటికీలో కీలకమంతా బందుల్లో ఉంది. మామూలు బందులతో రెక్క తెరిస్తే అది చట్రానికి అతుక్కునే ఉంటుంది, వెనక ముఖం అందదు. ఫ్రిక్షన్ స్టే అనే జారే బందుల్లో శుభ్రతకు అనువైన రకం ఉంది. రెక్క తెరిచినప్పుడు అది చట్రం నుంచి కాస్త పక్కకు జరిగి, బందుల వైపు చేయి పట్టేంత సందు వదులుతుంది. ఆ సందులోంచి బయటి ముఖాన్ని తుడవొచ్చు. కొనేటప్పుడు ఈ ఒక్క మాట అడిగితే చాలు. కానీ మన ఇళ్లలో లోపలివైపు గ్రిల్ కూడా ఉంటుంది. ఊచల సందులోంచి చేయి దూరుతుందా, చేతిలోని వైపర్ దూరుతుందా అన్నది గ్రిల్ డిజైన్ గీసేముందే చూసుకోవాలి. గ్రిల్‌లో పువ్వులు, లతలు ఎక్కువైన కొద్దీ అద్దం మీద మురికి ఎక్కువవుతుంది.

పైన బందులుండి కింది నుంచి బయటికి లేచే రెక్క వానకు మంచిదే. బయటి ముఖం తుడవడానికి మాత్రం అదే అన్నిటికన్నా మొండిది. నేల అంతస్తుకో బాత్‌రూమ్ వెంటిలేటర్‌కో తప్ప పై అంతస్తుల్లో దాని జోలికి పోకపోవడమే మేలు.

లోపలికి తెరుచుకునే కిటికీ ఈ పరీక్షలో మొదటి మార్కు కొట్టేస్తుంది. రెక్క లాగితే బయటి ముఖం మన ముందుకే వస్తుంది. గ్రిల్ బయటివైపు నిశ్చింతగా ఉంటుంది. జర్మనీలో విరివిగా వాడే టిల్ట్ అండ్ టర్న్ కిటికీ ఈ కోవలోదే. పిడి ఒక వైపు తిప్పితే పైభాగం కొద్దిగా లోపలికి వాలి గాలి వదులుతుంది, మరో వైపు తిప్పితే తలుపులా తెరుచుకుంటుంది. లోపాలూ ఉన్నాయి. కర్టెన్లకు అడ్డం, కిటికీ గట్టు మీద ఏమీ పెట్టలేం, మంచం దూరంగా జరపాలి, సీలు సరిగా లేకపోతే ఎదురువాన లోపలికొస్తుంది. లోపలి యంత్రాంగం క్లిష్టం కాబట్టి ధర ఎక్కువ, రిపేరుకు తెలిసినవాడే కావాలి. అయినా గ్రిల్ వద్దనుకునే ఎత్తైన అంతస్తు వాళ్లు ముందు పరిశీలించాల్సింది దీన్నే.

ఇక అసలు తెరుచుకోని అద్దం. పక్కనున్న రెక్క తెరిచి చేయి చాపితే అందేంత వెడల్పైతే ఫర్వాలేదు. అందకపోతే బయటి నుంచి తాడు కట్టుకుని దిగే మనిషి రావాల్సిందే. అలాంటి అద్దాలున్న ఫ్లాట్ కొంటుంటే మెయింటెనెన్స్ ఛార్జీల్లో ఆ పని ఉందా, ఏడాదికి ఎన్నిసార్లు, తాళ్లు కట్టే కొక్కేలు భవనంపైన ఉన్నాయా అని రిజిస్ట్రేషన్‌కు ముందే అడగాలి. పెద్ద అద్దం మీద మోజు తీరాలంటే దానికి తగిన చోటు బాల్కనీ. అక్కడ బయట నిలబడటానికి నేల, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంటాయి.

గాలి లెక్కలో తేలే నిజం

స్లైడింగ్ కిటికీ విషయంలో మరో లెక్క ఉంది. ఇళ్లలో విద్యుత్ ఆదా కోసం కేంద్రం 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత తీసుకొచ్చింది. కార్పెట్ ఏరియాలో కనీసం ఎంత శాతం తెరుచుకునే కిటికీలుండాలో అది వాతావరణాన్ని బట్టి నిర్ణయించింది. విజయవాడ, విశాఖ, చెన్నై వంటి ఉక్కపోత ప్రాంతాలకు 16.66 శాతం. హైదరాబాద్, ఢిల్లీ వంటి మిశ్రమ వాతావరణానికి 12.5 శాతం. వేడిగా, పొడిగా ఉండే ప్రాంతాలకు 10 శాతం. ఏ రకం కిటికీలో ఎంత భాగం తెరుచుకున్నట్టు లెక్కించాలో కూడా అందులో ఉంది. తలుపులా తెరుచుకునే రెక్కలకు 90 శాతం, రెండు పలకల స్లైడింగ్‌కు 50 శాతం.

నిజానికి ఈ కొలత ఇల్లు మొత్తానికి. అర్థం కావడానికి విజయవాడలోని 120 చదరపు అడుగుల పడకగదికి అన్వయించి చూద్దాం. 20 చదరపు అడుగుల గాలి దారి కావాలి. రెక్కల కిటికీ అయితే 22 చదరపు అడుగులు పెడితే సరిపోతుంది. రెండు పలకల స్లైడింగ్ అయితే 40 పెట్టాలి. అంటే అదే గాలి కోసం దాదాపు రెట్టింపు అద్దం కొనాలి, రెట్టింపు ఎండను లోపలికి రానివ్వాలి, ప్రతి పండక్కీ రెట్టింపు అద్దం తుడవాలి. మూడో ట్రాక్ ఉంది కదా అనుకోవద్దు. మన దగ్గర చాలాచోట్ల దాని మీద నడిచేది దోమల జాలీ. అద్దాలు రెండే అయితే తెరుచుకునేదీ సగమే.

చట్రం, ఉప్పుగాలి, బోరు నీళ్లు

రెక్క తర్వాత చట్రం. ఇక్కడ ఏ ఊరికి ఆ ఊరి లెక్క. టేకు బాగా కుదిరితే తరాలు నిలుస్తుంది, కానీ ఎండ, వాన నేరుగా తగిలే చోట పాలిష్‌ను, పెయింట్‌ను మరిచిపోతే పగులుతుంది. ఇనుముకు తుప్పు శత్రువు. రంగు ఎక్కడ పెచ్చు లేస్తుందో అక్కడ గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, మళ్లీ రంగు వేసే ఓపిక ఉంటే ఇనుము కూడా దశాబ్దాలు పనిచేస్తుంది. అల్యూమినియం తుప్పు పట్టదు, సన్నటి చట్రంతోనే బరువు మోస్తుంది. అయితే గాఢమైన ఆమ్లాలు, క్షారాలు దానికి పడవు. గోడ ప్లాస్టరింగ్ చేసేటప్పుడు మీద పడ్డ సిమెంటును ఆరనిస్తే మచ్చ శాశ్వతం. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో తుడిస్తే మెరుపు పోతుంది. యూపీవీసీకి రంగు, తుప్పు బెడద లేదు. సబ్బునీళ్లు చాలు. గరుకు పీచుతో రుద్దితే మాత్రం గీతలు పడి వాటిలో మురికి చేరుతుంది. కొత్తలో దాని మీదుండే ప్లాస్టిక్ పొరను గృహప్రవేశం దాకా ఉంచుదామనుకుంటారు చాలామంది. నెలల తరబడి ఎండలో ఉన్న ఆ పొర అంటుకుపోయి గీకినా రాదు.

సముద్ర తీరంలో ఈ లెక్కలన్నీ బిగుసుకుంటాయి. ఉప్పుగాలి ముందుగా కొరికేది చట్రాన్ని కాదు, దాన్ని పట్టుకున్న స్క్రూలను, బందులను, రివెట్లను. సింగపూర్ 2004లో రెక్కల కిటికీల్లోని అల్యూమినియం రివెట్లు తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి బిగించాలని ఇళ్ల యజమానులను ఆదేశించింది ఇందుకే. రివెట్ అరిగితే రెక్క మొత్తం కింద నడిచేవాళ్ల నెత్తిన పడుతుంది. విశాఖలో ఇల్లు కట్టేవారు చట్రం ఏ కంపెనీదని అడుగుతారు, బిగించే స్క్రూ ఏ లోహమని అడగరు. 304 కన్నా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఉప్పును ఎక్కువ తట్టుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరంలో పగిలిన అద్దాలను చూసినవారికి మరో పాఠం గుర్తుండాలి. టఫెన్డ్ అద్దం పగిలితే చిన్న ముక్కలై రాలిపోతుంది. లామినేటెడ్ అద్దం పగిలినా మధ్యనున్న పొరకు అతుక్కుని నిలుస్తుంది. ఎత్తైన అంతస్తుల్లో, కింద మనుషులు తిరిగే చోట రెండోదే మేలు.

హైదరాబాద్ లాంటి చోట ఉప్పుగాలి లేదు, బోరు నీళ్లున్నాయి. కఠిన జలం అద్దం మీద ఆరితే సున్నపు మరకలు మిగులుతాయి. వాటిని సబ్బు వదిలించలేదు. నిమ్మరసమో నీళ్లు కలిపిన వెనిగరో పూసి కొద్దిసేపటికి మంచినీళ్లతో కడిగితే కరుగుతాయి. అదే రసం పాలరాతి గట్టు మీద పడితే రాయి మెరుపు చస్తుంది, జాగ్రత్త. ఎండ పడుతుండగా తుడిస్తే నీళ్లు ముందే ఆరి చారలు పడతాయి. ఉదయమో సాయంత్రమో తుడవడం నయం.

సన్న రంధ్రం, పెద్ద గొడవ

కిటికీలో ఎవరూ చూడని భాగం కింది ట్రాక్. దుమ్ము, చీమలు, పావురాల ఈకలు చేరేదక్కడే. ట్రాక్ బయటి అంచున సన్నటి రంధ్రాలుంటాయి. లోపల చేరిన వాన నీరు వాటిలోంచి బయటికి పోవాలి. ఈ విలేఖరి ఇంట్లో మొదటి వానాకాలంలోనే పడకగది నేల తడిసింది. గోడలోంచి చెమ్మ అనుకుని రెండు నెలలు మేస్త్రీల చుట్టూ తిరిగాక తేలిందేమిటంటే, కిటికీ బిగించినవాళ్లు చక్కగా కనిపించాలని సిలికాన్ పూతతో ఆ రంధ్రాలను కూడా మూసేశారు. పిన్నీసుతో పొడిస్తే సమస్య తీరింది. వానలకు ముందు ఏటా ఒకసారి ట్రాక్‌లో మగ్గుతో నీళ్లు పోసి చూడండి. బయటికి పోతే మంచిది, నిలిచిపోతే రంధ్రాలు మూసుకున్నట్టే.

ట్రాక్‌ను తడిపి తుడిస్తే దుమ్ము బురదవుతుంది. ముందు పాత పెయింట్ బ్రష్‌తోనో వాక్యూమ్ క్లీనర్‌తోనో పొడి దుమ్ము తీయాలి, ఆ తర్వాతే తడిగుడ్డ. రోలర్లు బిగుసుకుంటే కొబ్బరినూనె పోయడం మన అలవాటు. ఆ నూనెకే దుమ్ము అంటుకుని నాలుగు రోజులకు ఇంకా బిగుస్తుంది. సిలికాన్ స్ప్రే నయం.

దోమల జాలీ లేని కిటికీ మన దగ్గర కిటికీయే కాదు. అద్దానికన్నా ముందు మురికయ్యేది అదే. జాలీ చట్రం స్క్రూలు విప్పకుండా, లోపలివైపుకే ఊడి వచ్చి కుళాయి కింద కడగడానికి వీలుండాలి. మడతలు పడే జాలీ చూడముచ్చటగా ఉంటుంది, మడతల్లోని దుమ్ము మాత్రం సులువుగా వదలదు. వంటింటి కిటికీకి దాన్ని పెట్టకపోవడం మంచిది. తాలింపు జిడ్డు, దుమ్ము కలిస్తే ఆ జాలీ ఏడాదికే పనికిరాకుండా పోతుంది.

తనను తాను శుభ్రం చేసుకునే అద్దం అన్న ప్రకటనలు చూసి మోజుపడేవారూ ఉన్నారు. 2001లో బ్రిటిష్ సంస్థ పిల్కింగ్టన్ ఇలాంటి అద్దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. దాని మీద సన్నటి టైటానియం డయాక్సైడ్ పూత ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు ఆ పూత మురికిని విడగొడుతుంది, వాన నీరు పలుచగా పరుచుకుని దాన్ని కడిగేస్తుంది. సూత్రం నిజమే. కానీ దానికి ఎండా వానా రెండూ కావాలి. మన దగ్గర నెలల తరబడి చినుకు పడదు. పడినా కిటికీ పైన సజ్జ ఉంటుంది. నిర్మాణాల నుంచి లేచే సిమెంటు దుమ్మును ఆ పూత విడగొట్టలేదు. డబ్బు మిగుల్చుకోవడానికి ఇదొక చోటు.

గ్రిల్ కాపాడుతుందా, బంధిస్తుందా?

గ్రిల్ ఉంటే తుడిచే మనిషి పడదు, పిల్లలు పడరు, దొంగ రాడు. అందుకే అది మన ఇళ్లకు దాదాపు తప్పనిసరి. కానీ ముంబైలో కనిపించే పెట్టెలాంటి గ్రిల్‌ను గుర్తు తెచ్చుకోండి. గోడకు బయట పొడుచుకొచ్చి, పూలకుండీలు, సైకిళ్లు, పాత సామాను నింపుకుని, నాలుగు వైపులా బిగించి ఉంటుంది. మంటలు చెలరేగి తలుపు దారి మూసుకుపోతే అది పంజరమే. గ్రిల్‌లో కనీసం ఒక భాగం లోపలి నుంచి తెరుచుకోవాలి. దాని తాళంచెవి పక్కనే, ఇంట్లో అందరికీ తెలిసిన కొక్కేనికి వేలాడాలి. కిటికీ తుడిచేటప్పుడు మాత్రం ఆ భాగానికి తాళం పడాలి.

బాల్కనీ అంచున రక్షణ గోడ కనీసం మీటరు ఎత్తుండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. నేల దాకా అద్దమున్న కిటికీ రెక్క తెరిస్తే అదీ బాల్కనీ అంచుతో సమానమే. అక్కడ గ్రిల్ వద్దనుకుంటే ఆ ఎత్తుకు రెయిలింగ్ అయినా కావాలి.

కొనేముందు ఏడు ప్రశ్నలు

1. మోడల్ ఫ్లాట్‌లో ఒక గుడ్డ తీసుకుని అద్దం బయటి ముఖాన్ని తుడిచి చూశారా? మీ రెండు పాదాలూ నేల మీదే ఉన్నాయా?

2. రెక్క వెడల్పు చేయి చాపితే అందేంతేనా? తెరుచుకోని అద్దం ఎంత, దాన్ని ఎవరు తుడుస్తారు?

3. బందులు శుభ్రతకు సందు వదిలే రకమా? స్క్రూలు, రివెట్లు స్టెయిన్‌లెస్ స్టీలువేనా?

4. ట్రాక్‌లో నీళ్లు పోస్తే బయటికి పోతున్నాయా?

5. జాలీ లోపలికి ఊడి వస్తుందా?

6. రోలర్, పిడి, రబ్బరు బీడింగ్ ఐదేళ్ల తర్వాత మీ ఊళ్లోనే దొరుకుతాయా? ఆ సెక్షన్ పేరు, నంబరు రాసిచ్చారా?

7. గ్రిల్ సందులోంచి చేయీ వైపరూ దూరుతున్నాయా? ఒక భాగం తెరుచుకుంటుందా?

ఇప్పటికే ఫ్లాట్‌లో చేరిపోయినవారి సంగతేమిటి? కిటికీలన్నీ మార్చడం అందరివల్లా కాదు. చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. స్లైడింగ్ కిటికీకి గ్రిల్ పెట్టించుకోవచ్చు. పొడవాటి, మెడ వంగే పిడి ఉన్న వైపర్ కొనొచ్చు. అందని అద్దాలకు ఫ్లాట్ల సంఘం తరఫున ఏడాదికి ఒకటి రెండుసార్లు శిక్షణ ఉన్న మనుషులను పిలిపించుకోవచ్చు. ఇంటికి ఇంత అని పంచుకుంటే అది పెద్ద ఖర్చు కాబోదు. ఇవేవీ కుదరకపోతే మరో మార్గం ఉంది, దానికి పైసా ఖర్చులేదు. ఆ అద్దం బయటివైపును మురికిగా వదిలేయడం.

చాలామందికి మింగుడుపడనిది అదే. పండక్కి చుట్టాలొస్తారు, అద్దం మీద మరక కనిపిస్తుంది. ఇంటి ఇల్లాలికి అది పరువు సమస్య, పనిమనిషికి ఉద్యోగ సమస్య. వద్దు అని చెప్పే హక్కు ఉందని ఇద్దరిలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఎత్తైన చోట పని చేయమని అడిగేముందు యజమాని తనకు తాను వేసుకోవాల్సిన పరీక్ష ఒక్కటే. ఆ పని నా కూతురిచేత చేయిస్తానా? సమాధానం కాదు అయితే ఆ కిటికీని ఎంచుకోవడంలోనే పొరపాటు జరిగింది. ఆ పొరపాటును దిద్దాల్సింది వడ్రంగి, ఫ్యాబ్రికేటర్, బిల్డర్. తడిగుడ్డ పట్టుకుని అంచు మీద నిలబడ్డ మనిషి కాదు.